ఇరవై రోజుల బోండాలు

మాది శ్రీకాకుళం జిల్లాలో కవిటి దగ్గర ఊరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది, మా వీధిలోనే డయాలసిస్‌కి తిరిగేవాళ్ళున్నారు. నాకు క్రియాటినిన్ (కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 3.2 అని, అంటే కిడ్నీ దెబ్బతిందని తేలిన రోజు డాక్టరు మాట్లాడింది రెండు నిమిషాలు. ఉప్పు తగ్గించు, మాత్రలు వేసుకో, నెలకి రా, అంతే. ఆ రాత్రే మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. అందులో ఎవరో ఒకాయన పన్నెండు నిమిషాలు, నా ఎదురుగా కూర్చుని నాకే చెబుతున్నట్టు చెప్పాడు. రోజూ బోండాం నీళ్ళు తాగితే కిడ్నీలు శుభ్రమైపోతాయట, డయాలసిస్ మాటే ఉండదట. పెరట్లో కొబ్బరిచెట్లున్నవాడికి ఇంకేం కావాలి? పొద్దున రెండు, సాయంత్రం ఒకటి.

ఇరవయ్యో రోజు కాళ్ళు బరువెక్కాయి. ఎండదెబ్బ అనుకున్నాను. రాత్రి రెండింటికి లేద్దామంటే కాళ్ళు మంచం దిగలేదు. గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ ఎప్పటికో కొట్టుకుంటోంది, గోడ గడియారమే దానికంటే వేగంగా నడుస్తోంది. మా ఆవిడ అరికాళ్ళు రుద్దుతూ "ఏటయ్యింది, మాటాడండి" అని ఏడుస్తుంటే ఆమె భుజం మీద చెయ్యి వేద్దామన్నా చెయ్యి లేవలేదు. 108 వచ్చేదాకా అదే.

పొటాషియం 7.4 అన్నారు. 5 దాటితేనే ఎక్కువట. ఇంజెక్షన్లు, తెల్లారేసరికి డయాలసిస్. బోండాల సంగతి విని డ్యూటీ డాక్టరు "యూట్యూబ్‌లో వైద్యం చేయించుకున్నోడు ఇక్కడికెందుకొచ్చాడు" అన్నాడు, నా ముందే. ప్రాణం నిలబెట్టింది ఆయనే, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. కొబ్బరితోటల్లో బతికేవాడికి బోండాం తాగొద్దని మొదటిరోజే ఒక్కమాట చెప్పి ఉంటే ఏం పోయేది? పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదని, అది పెరిగితే గుండె ఆగిపోతుందని చివరికి నాకు చెప్పింది డయాలసిస్ గదిలో నర్సమ్మ.

ఇప్పుడు మాత్రలతో నడుస్తోంది, మళ్ళీ డయాలసిస్ అవసరం పడలేదు. మా ఆవిడ మొక్కుకుందని ఆదివారం అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకొచ్చాం. కిడ్నీ జబ్బున్నవాళ్ళు బోండాం, అరటిపండు, సోడియం తక్కువని అమ్మే ఉప్పు (అందులో సోడియం కొంత తగ్గించి దాని బదులు పొటాషియం కలుపుతారు) డాక్టరుని అడగకుండా ముట్టుకోకండి. ఆయన తొందరలో ఉన్నా ఆపి అడగండి.

మొన్న అదే వీడియో మా చుట్టాల గ్రూపులోకి మళ్ళీ వచ్చింది, ఈసారి మా పిన్ని పంపింది. కింద నా రిపోర్టు ఫోటో పెట్టాను. పిన్ని వెంటనే ఫోన్ చేసి, "మరి నేను వారం నుంచి తాగుతున్నాను కదరా" అంది.