రెండో అంతస్తుకు తలుపులే లేవట!

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు మేం కడుతున్న హాస్టల్‌కు అంతస్తుల వారీగా తలుపులు, కిటికీల లిస్టు కావాలన్నారు కాంట్రాక్టరు. ప్లాన్లు పరుచుకుని పెన్సిల్‌తో టిక్కులు పెట్టే ఓపిక నాకు లేదు. కన్సల్టెంట్ పంపిన ఐఎఫ్‌సీ ఫైల్ (బిల్డింగ్ త్రీడీ మోడల్‌ను, అందులోని వస్తువుల వివరాలతో సహా దాచే ఫైల్) ఉంది కదా, దాన్నే అడుగుదామనుకున్నా.

పైథాన్‌లో ఈ ఫైళ్లను చదివే లైబ్రరీ ఐఎఫ్‌సీ ఓపెన్‌షెల్ ఉచితం, పిప్ కమాండ్‌తో ఒక్క లైనులో ఎక్కింది. ప్రాజెక్టు పేరు, అంతస్తుల పేర్లు, ఎత్తులు, కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయన్న సంగతి, అన్నీ టకటకా వచ్చేశాయి. ఐఎఫ్‌సీ డోర్‌లను, అంటే తలుపుల క్లాస్‌లో ఉన్నవాటిని, అంతస్తుల వారీగా అడిగితే మాత్రం రెండో అంతస్తుకు సున్నా.

ఇదేంటో తేల్చుకుందామని ఆ లెక్కల షీటు మీటింగులో పెట్టా. కన్సల్టెంట్ తరఫు కుర్రాడు స్పీకర్ ఫోన్‌లో, "మోడల్ పక్కాగా ఉంది సార్, మీవాళ్లకే చూడటం రాదు" అన్నాడు. కాంట్రాక్టరు నావైపు తిరిగి, "పోరగాళ్లు కిటికీల్లోంచి దూకి పోవాల్నా ఏందయ్యా?" అన్నారు. మేస్త్రీతో సహా అందరూ నవ్వారు. పన్నెండో తరగతి తప్పినవాడిలా కూర్చున్నా. పైగా త్రీడీ వ్యూయర్‌లో ఆ తలుపులు నిక్షేపంగా కనబడుతున్నాయి!

రాత్రి ఒక తలుపును పట్టుకుని దాని క్లాస్ చూస్తే, ఐఎఫ్‌సీ బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ. ఏ తరగతిలోనూ ఇమడనివాటిని పడేసే ఖానా అది. మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో తలుపును డోర్ కేటగిరీలో కాకుండా జెనరిక్ మోడల్‌గా గీసి, ఎగుమతిలో ఏదీ మార్చకపోతే అందులోకే పోతుంది. ఆ అంతస్తు మొత్తం ఎవరో అలాగే గీసి చేతులు దులుపుకున్నారు. ప్రాక్సీలన్నీ బయటికి తీసి, పేర్లలో 'డోర్' ఉన్నవి విడదీస్తే లెక్క ప్లాన్‌తో అచ్చంగా సరిపోయింది. స్క్రీన్‌షాట్లతో సహా అందరికీ మెయిల్ కొట్టా. ఆ కుర్రాడి నుంచి జవాబు లేదు, రెండు రోజుల తర్వాత స్క్రిప్టు పంపమని వాట్సాప్ మాత్రం వచ్చింది. పంపలేదు.

మీకెవరైనా ఐఎఫ్‌సీ ఫైల్ ఇస్తే ముందు ప్రాక్సీలు ఎన్నున్నాయో చూడండి, ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టించండి. వ్యూయర్ తిప్పి చూపించి మురిపించేవాళ్లను అసలు నమ్మొద్దు.

ఫైల్‌లో తలుపుల లక్షణాలుండే పట్టిక పీసెట్ డోర్ కామన్‌లో ఫైర్ రేటింగ్ (తలుపు మంటలను ఎంతసేపు ఆపగలదో చెప్పేది) గడి అన్నిచోట్లా ఖాళీనే. దానికోసం మళ్లీ లెటర్ పంపాం, ఈసారి కాంట్రాక్టరు సంతకంతో.