ఏ పనికి ఏ వేళ: ఉపాధ్యాయుల రోజు గురించి

సమయం చాలడం లేదన్న మాట ఉన్నత పాఠశాలల్లో ఏ స్టాఫ్ రూములోనైనా వినిపిస్తుంది. పాఠం చెప్పడం, పాఠ్య ప్రణాళిక రాయడం, జవాబు పత్రాలు దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడడం, సాయంత్రం ఇంటికి చేరాక ఇంటి పనులు, ఇవన్నీ ఒకే రోజులో ఇమడాలి. తెలుగు ఉపాధ్యాయినిగా నేను గమనించినంతలో, గంటలు చాలకపోవడం వల్ల కలిగే నష్టం కన్నా, ఓపిక నిండుగా ఉన్న గంటను తేలిక పనికి ఖర్చు పెట్టి, ఒంట్లో శక్తి అయిపోయాక బరువైన పనికి కూర్చోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. అందుకే పనుల జాబితా రాసుకునే ముందే, వాటిలో ఏది తల పెట్టి చేయవలసినదో, ఏది చేతి అలవాటు మీద సాగిపోయేదో విడదీసుకోవాలని తోటివారితో చెబుతుంటాను.

జవాబు పత్రాలు దిద్దడమే తీసుకుందాం. యాభై పత్రాల కట్టను ముందు పెట్టుకుని, ఒక్కొక్క పత్రాన్ని మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా దిద్దడం చాలామందికి అలవాటు. దీనికి బదులు ఒకే ప్రశ్నను అన్ని పత్రాల్లోనూ దిద్ది, ఆ తరువాత రెండో ప్రశ్నకు వెళితే, ఆ ప్రశ్నకు ఎంత రాస్తే ఎన్ని మార్కులు ఇవ్వాలన్న కొలత మనసులో చెదరకుండా నిలుస్తుంది. చేతి వేగమూ పెరుగుతుంది. ఇందులో మరొక సౌకర్యం ఉంది. జతపరచడం, బహుళైచ్ఛిక ప్రశ్నలు, సంధులు, గణవిభజన వంటివి కంటితోనే తేలిపోతాయి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ అన్న గణాలు వరుసగా పడ్డాయో లేదో చూడడానికి అలసిన కళ్లు కూడా చాలు. లేఖ, స్వీయరచన, పద్యభావం అలాంటివి కావు. పిల్లవాడు ఏం చెప్పాలనుకున్నాడో, భాష తడబడినా భావం అందిందో లేదో చదివి తేల్చాలి. కనుక మొదటి రకం ప్రశ్నలను మధ్యాహ్నం లీజర్ పీరియడుకు వదిలి, రెండో రకం వాటిని ఉదయం ఇంట్లో, ఎవరూ లేవకముందు దిద్దుతాను. రాత్రి నిద్ర ఆపుకుంటూ దిద్దిన లేఖకు, తెల్లవారి దిద్దిన లేఖకు ఒకే చేయి వేరువేరుగా మార్కులు వేయడం నేను చూశాను. కట్టలో అడుగున ఉన్న పత్రం ఎవరిదైనా, ఆ పిల్లకు పైనున్న పిల్లతో సమానమైన చూపు దక్కాలన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం.

ఈ తేడాకు శరీరంలోనే కారణం ఉంది. జీవ గడియారాన్ని నడిపించే జన్యువుల పనితీరును పండ్ల ఈగల మీద పరిశోధించి తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన చురుకుదనం, నిద్ర, ఒంటి వేడి ఆ గడియారాన్ని అనుసరించే రోజంతా హెచ్చుతగ్గులు పొందుతాయి. మధ్యాహ్నం భోజనం తరువాత వచ్చే మందకొడితనానికి అన్నం ఒక్కటే కారణం కాదు. తినకపోయినా ఆ వేళకు చాలామందికి చురుకు తగ్గుతుంది, కడుపు నిండా అన్నం దాన్ని ఇంకొంచెం పెంచుతుంది. అందరి గడియారమూ ఒకటి కాదు కాబట్టి, రెండు మూడు వారాలపాటు టీచర్ డైరీ అంచున ప్రతి పీరియడు పక్కనా హుషారుగా ఉంటే నిలువు గీత, నీరసంగా ఉంటే అడ్డగీత పెట్టి చూడండి. మీ వేళలు మీకే కనబడతాయి.

మా వృత్తిలో ముందుగా ఖర్చయ్యేది గొంతు. నాలుగు పీరియడ్లు వరుసగా మాట్లాడితే మిగిలిన రోజంతా బొంగురు గొంతుతోనే సాగుతుంది, దాంతో మనసు కూడా చిరాకు పడుతుంది. మధ్యాహ్నం తరగతుల్లో నేను వివరణ తగ్గించి, పిల్లల చేత గద్యం బిగ్గరగా చదివిస్తాను, పద్యం రాగయుక్తంగా పాడిస్తాను, జట్లుగా కూర్చోబెట్టి ప్రశ్నలు తయారు చేయిస్తాను. నిద్ర ముంచుకొచ్చే ఆ వేళలో వినడం కన్నా చేయడమే వారికీ మేలు.

పని మధ్యలో తెగిపోవడం మరో పెద్ద ఖర్చు. పాఠ్య ప్రణాళిక సగంలో ఉండగా, ఏదో సమాచారం పన్నెండింటిలోగా పంపాలని వాట్సాప్ గ్రూపులో సందేశం వస్తుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని వదిలి మరో పనికి వెళ్లినప్పుడు ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని చూపారు. లేచే ముందు అర నిమిషం ఆగి, తరువాత చేయవలసిన అడుగు ఏమిటో కాగితం మీద ఒక్క వాక్యంలో రాసిపెట్టడం దీనికి మంచి ఉపాయం. ‘మూడో పద్యానికి చర్చా ప్రశ్న రాయాలి’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ‘ప్రణాళిక పూర్తి చేయాలి’ అని రాస్తే ఉపయోగం లేదు. ప్రాణం మీదికి వచ్చే సందేశాలు బహు తక్కువ కాబట్టి, నేను ఫోన్‌ను ఇంటర్వెల్‌లోనూ భోజన విరామంలోనూ మాత్రమే తెరుస్తాను. నిజంగా తొందర ఉంటే హెచ్‌ఎం గారు అటెండరును పంపుతారు.

ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో, విద్యార్థిగా ఉన్నప్పుడు రూపొందించుకున్న 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పద్ధతి మొదలుపెట్టబుద్ధి కాని పనులకు, ముఖ్యంగా మార్కుల నమోదుకు బాగా పనికివస్తుంది. స్వీయరచనలు దిద్దేటప్పుడు మాత్రం 25 నిమిషాలకు పెట్టుకున్న టైమర్ మోగడం నాకు అడ్డుగా ఉంటుంది.

సాయంత్రం టీ సంగతి కూడా చెప్పాలి. పెద్దవారి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. బడి వదిలాక అయిదున్నరకు తాగిన టీలో సగం పదిన్నరకూ ఒంట్లోనే ఉంటుందన్నమాట. తెల్లవారుజామున లేచి పని చేయాలనుకునేవారు ఆ టీని మూడింటికి జరుపుకోవడం మంచిది. నిద్ర కోసి సంపాదించిన ఉదయపు గంట మధ్యాహ్నానికే అప్పు తీర్చమంటుంది.

అయితే ఇవన్నీ ఒకరి చేతిలో ఉన్న మేరకే. లేవగానే వంట, పిల్లల క్యారియర్లు మొత్తం ఒక్కరి మీదే పడిన ఇంట్లో ఉపాధ్యాయినికి ఆ ఉదయపు గంట దొరకదు. అక్కడ ముందు మారవలసింది ఇంటి పని పంపకం. బడిలో మారవలసింది టైంటేబుల్. జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు గణితం, భౌతికశాస్త్రం ఉదయానికి, తెలుగు, సాంఘికం చివరి పీరియడ్లకు వెళ్లిపోవడం చాలా బడుల్లో ఆనవాయితీ. ప్రతి సబ్జెక్టుకూ వారంలో కనీసం రెండు ఉదయపు పీరియడ్లు వచ్చేలా, ఒకే ఉపాధ్యాయునికి వరుసగా మూడు పీరియడ్లకు మించి పడకుండా గళ్లు నింపడం కష్టమే కానీ కుదరనిది కాదు. టైంటేబుల్ బాధ్యత తీసుకున్న సహోపాధ్యాయులు చిత్తుప్రతిని గోడకు అంటించే ముందు ఒకసారి స్టాఫ్ రూములో అందరికీ చూపితే, ఏ తరగతి ఏ వేళకు బరువో అక్కడే మాట్లాడుకోవచ్చు.