ఫైర్‌మ్యాన్‌తో రెండో శనివారం

రెండో శనివారం కాబట్టి బ్యాంకు లేదు. మా వారు పొద్దున్నే వాళ్ల ఊరు వెళ్లారు. అమ్మాయికి పరీక్షలు, గదిలో తలుపేసుకుని చదువుకుంటోంది. బియ్యం డబ్బా కడిగి ఎండలో బోర్లించాను, కరెంటు బిల్లు కట్టేశాను, గోంగూర కట్టలు ముందేసుకుని హాల్లో కూర్చున్నాను. స్పీకర్‌లో ‘ఎలక్ట్రిక్ ఆర్గ్యుమెంట్స్’ పెట్టాను. అది ముక్కలు ముక్కలుగా వినాల్సిన ఆల్బమ్ కాదు. గంట పైన ఉంటుంది, అంతసేపు ఎవరూ పిలవకుండా ఉండే రోజు దొరకాలి.

ఆ ఆల్బమ్ మీద ఉండే పేరు ‘ద ఫైర్‌మ్యాన్’. ఆ పేరు వెనక ఉన్నది ఇద్దరు. ఒకరు బీటిల్స్ బ్యాండ్‌లో పాడిన పాల్ మెకార్ట్‌నీ. రెండో ఆయన మార్టిన్ గ్లోవర్, యూత్ అంటేనే అందరికీ తెలుస్తుంది. కిల్లింగ్ జోక్ బ్యాండ్‌లో బేస్ గిటారిస్టు, తర్వాత ప్రొడ్యూసర్‌గా పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఈ జంట మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది. తన సొంత ఆల్బమ్ ‘ఆఫ్ ద గ్రౌండ్’ రికార్డింగుల్లోంచి కొన్ని ముక్కలు తీసి రీమిక్స్ చెయ్యమని మెకార్ట్‌నీ యూత్‌ని పిలిస్తే, పని పెరిగి పెరిగి ఏకంగా ఒక ఆల్బమ్ అయింది. దాని మీద మెకార్ట్‌నీ పేరు ఎక్కడా వెయ్యలేదు. పాటలు కూడా లేవు, అంతా డాన్స్ బీటే. ఒకే రాగం ముక్క గంటకు పైగా రకరకాలుగా తిరుగుతుంది. నాకు అది సగం వరకే నచ్చుతుంది. రెండోది ‘రషెస్’, 1998 సెప్టెంబరులో వచ్చింది. మెకార్ట్‌నీ భార్య లిండా క్యాన్సర్‌తో పోయింది అదే సంవత్సరం ఏప్రిల్‌లో. నెమ్మదిగా, మాటలు పెద్దగా లేకుండా సాగే సంగీతం. అది మాత్రం పని చేసుకుంటూ వినలేను, చేతులు ఆగిపోతాయి.

మూడోది ఇది, 2008 నవంబరులో వచ్చింది. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. ఫైర్‌మ్యాన్ పేరు మీద ఆయన నోరు విప్పి పాడింది ఇందులోనే. 13 పాటలు, ఒక్కో పాట ఒక్కో రోజులో. ఆ రోజులు కూడా వరసగా కావు, దాదాపు ఏడాది పొడవునా వీలున్నప్పుడల్లా కలిశారు. ఏ పాటా సిద్ధం చేసుకోకుండానే స్టూడియోకి వెళ్లేవాడట. పాట అక్కడే పుట్టాలి, అదే రోజు పూర్తవాలి. మాటలు ఆశువుగా రావాల్సిందే. అవి తట్టనప్పుడు కవిత్వం పుస్తకాలు తిరగేసి ఇక్కడో మాట అక్కడో మాట ఏరుకునేవాడు. ఆల్బమ్ పేరు కూడా అలెన్ గిన్స్‌బర్గ్ కవితలోంచి తీసుకున్నదే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ మొదటి పాట గొంతు పొద్దుట్నుంచీ నన్ను వదల్లేదు. ‘నథింగ్ టూ మచ్ జస్ట్ అవుట్ ఆఫ్ సైట్’. గరగరలాడే గిటార్, కింద దబదబా డ్రమ్ములు, వాటి మధ్యలోంచి ఆయన కేక. పాడటం కాదు, కేకే. పై స్థాయికి వెళ్లిన చోట గొంతు చీరుకుపోతుంది, అయినా ఆ టేక్ తీసెయ్యలేదు. పాట పేరు ఆయన పాత స్నేహితుడు, నైజీరియా నుంచి వచ్చిన కాంగా (చేతులతో వాయించే డ్రమ్) కళాకారుడు జిమ్మీ స్కాట్ ఊతపదం. బీటిల్స్ పాటలోని ‘ఓబ్లాడి ఓబ్లాడా’ అన్న మాట కూడా ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. ఆల్బమ్ వచ్చిన ఏడాదే మెకార్ట్‌నీ రెండో భార్యతో విడాకులు తీసుకున్నాడు కాబట్టి ఆ కోపమే ఈ పాటలో ఉందని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. కోపంగా ఉన్న మనిషి ఇంత సరదాగా అరవడు.

అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది.

‘ఎవరమ్మా ఆయన, అలా గొంతు చించుకుంటున్నాడు?’

‘పాల్ మెకార్ట్‌నీ.’

‘ఎస్టర్‌డే పాట పాడినాయనా? ఊరుకో అమ్మా.’

‘ఆయనేనే. ఇలా కూర్చో, రెండోది విను.’

కూర్చుంది. ఊరికే కూర్చోకుండా ఒక కట్ట దగ్గరకు లాక్కుని ఆకు దూయడం మొదలుపెట్టింది. రెండో పాట ‘టూ మ్యాగ్‌పైస్’ ఇంకో మనిషి పాడినట్టు ఉంటుంది. చేతిలో గిటార్ ఉంది కదా అని పక్కన కూర్చుని పాడుకుంటున్నంత తేలిగ్గా. మ్యాగ్‌పై పిట్ట ఒకటి కనిపిస్తే దుఃఖం, రెండు కనిపిస్తే సంతోషం అని ఇంగ్లండులో లెక్క ఉందని దానికి చెప్పాను. మూడోది ‘సింగ్ ద చేంజెస్’. అది మొదలైన కాసేపటికే దాని కాలు దానంతటదే తాళం వెయ్యడం చూశాను. పాట అయిపోగానే ‘ఇది నాకు పంపించు’ అని లేచి వెళ్లిపోయింది. ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఎడ్ సలివన్ థియేటర్ ముఖద్వారం పైకప్పు మీద నిలబడి, కింద రోడ్డంతా జనం చూస్తుండగా, ఆయన బీటిల్స్ పాటల మధ్యలో ఈ పాట కూడా పాడాడు. ఒక్క రోజులో పుట్టిన పాట వాటి పక్కన ఏమాత్రం తేలిపోలేదు.

చిన్నప్పుడు నేను వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నాను. టీచరు గారి ఎదుట కూర్చుంటే గొంతు బిగుసుకుపోయేది, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అదే వర్ణం హాయిగా వచ్చేది. వినేవాళ్లు ఏం ఆశిస్తున్నారో తెలిసినప్పుడు గొంతు మీద పడే బరువు నాకు తెలుసు. మెకార్ట్‌నీ మీద ఆ బరువు ఎంతుండాలి? ప్రపంచంలో సగం మంది ఆయన నోరు తెరిస్తే పాత పాటే రావాలని కూర్చుని ఉంటారు. ఆయన తన పేరు తీసి పక్కన పెట్టాడు. ఫైర్‌మ్యాన్ నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. ‘ట్రావెలింగ్ లైట్’లో గొంతును అంత కిందికి, దాదాపు మంద్రంలోకి దించి పాడే ధైర్యం అందుకే వచ్చిందని నా నమ్మకం. సొంత పేరుతో అయితే అలా పాడేవాడు కాదు. వాళ్ల నాన్న జిమ్ యుద్ధకాలంలో లివర్‌పూల్‌లో స్వచ్ఛందంగా ఫైర్‌మ్యాన్ పని చేశాడు. ఈ మారుపేరు చూసినప్పుడల్లా నాకు ఆ నాన్నే గుర్తొస్తాడు.

చివరి నాలుగైదు పాటలు సాగుతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మాటలు తగ్గిపోయి, పాత ఫైర్‌మ్యాన్ లాగా శబ్దం మీద శబ్దం పేర్చుకుంటూ పోతారు. ‘లవర్స్ ఇన్ ఎ డ్రీమ్’ సగానికి తగ్గించినా నష్టం లేదు. కానీ ‘డోంట్ స్టాప్ రన్నింగ్’ని మాత్రం ఒక్క సెకను కూడా కుదించనివ్వను. అది అయిపోయాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా ఇంకో ముక్క మొదలవుతుంది. ఆల్బమ్ ముగిసిందనుకుని స్పీకర్ ఆపేసేవాళ్లకు అది ఎప్పటికీ వినపడదు. అమ్మాయికి ‘సింగ్ ద చేంజెస్’తో పాటు ఇది కూడా పంపించాను, చివరిదాకా ఆపకుండా వినమని రాసి.