అయిదు చుట్లు

గుంటూరు పొలిమేరలో ఉన్న మా ఉన్నత పాఠశాలకు ట్రాకు అంటూ ఏదీ లేదు. ఆటస్థలం అంచు వెంబడి కోలగా పోసిన సున్నపు గీతే మాకు ట్రాకు. వ్యాయామ ఉపాధ్యాయినిగా బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి 30 మీటర్ల టేపు చెరొక కొస ఇచ్చి ఆ గీతను కొలిపించాను. సరిగ్గా నాలుగు టేపులు వచ్చింది. అంటే చుట్టుకు 120 మీటర్లు, అయిదు చుట్లు తిరిగితే 600 మీటర్లు. ఈ 600 నేను సొంతంగా పెట్టుకున్న లెక్క కాదు. ఖేలో ఇండియా శారీరక దారుఢ్య పరీక్షల్లో నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు ఎత్తు బరువుల లెక్క, 50 మీటర్ల వేగపు పరుగు, కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగడం, వెల్లకిలా పడుకుని సగం పైకి లేవడం, దండీలు తీయడం వంటి వాటితో పాటు ఈ దూరం కూడా ఉంటుంది. దాని పూర్తి పేరు 600 మీటర్ల పరుగు లేదా నడక. ఆ చివరి మాటను నేను చాలా కాలం పట్టించుకోలేదు.

నాలుగేళ్ళ కిందట ఏడో తరగతి బాలికలకు ఈ పరీక్ష పెడుతున్నప్పుడు ఒక పిల్లను పేరు పెట్టి పిలిచి, "అయిదు చుట్లు వేయాలమ్మా, గీత దగ్గర నిలబడు" అన్నాను. సన్నగా, భుజాలు కొంచెం ముందుకు వంచుకుని నడిచే పిల్ల. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఆ పిల్ల గీత దగ్గరికి రాలేదు. తల వంచుకుని, "నేనేం తప్పు చేశాను మేడం?" అని అడిగింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నలో పొరపాటు ఏమీ లేదు.

ఆలస్యంగా వస్తే రెండు చుట్లు, యూనిఫాం వేసుకోకపోతే మూడు, వరుసలో మాట్లాడితే అయిదు అని రేట్లు కట్టింది నేనే. నాకు చదువు చెప్పిన డ్రిల్లు మాస్టారి దగ్గర నేర్చుకున్న పద్ధతే అది, అంతకు మించి ఆలోచించి చేసింది కాదు. సాటి ఉపాధ్యాయులు ఒకరు అల్లరి చేసే పిల్లలను తరగతి గది నుంచి నేరుగా నా దగ్గరికి పంపి, "వీళ్ళ చేత పది రౌండ్లు కొట్టించండి మేడం, దిగుతుంది" అనేవారు. నేను కొట్టించేదాన్ని. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం వచ్చింది 2009లో. పిల్లలకు శారీరక శిక్ష గానీ మానసిక వేధింపు గానీ ఉండకూడదని అందులోని 17వ సెక్షను చెబుతుంది. శారీరక శిక్ష అంటే బెత్తమేననీ, విజిల్ ఊది పరిగెత్తించడం వ్యాయామం కిందికే వస్తుందనీ నన్ను నేను సమాధానపరచుకున్నాను. గుంజీల సంగతీ అంతే. తొడలకూ నడుముకూ అంతకన్నా తేలికైన, ఖర్చులేని వ్యాయామం మరొకటి లేదు. వినాయక చవితి నాడు పందిట్లో పోటీపడి ముప్ఫై తీసే పిల్లలే, బడిలో పది తీయమంటే ముఖం మాడ్చుకుంటారు. హోంవర్కు చేయని వాడికి మనం వేసిన శిక్షను, మరుసటి రోజు పాఠమని చెబితే ఏ పిల్లవాడు నమ్ముతాడు?

ఆ సాయంత్రం నుంచి చుట్లను శిక్షగా వేయడం మానేశాను. అలా పంపే ఆ సాటి ఉపాధ్యాయుడికి కూడా, పిల్లలను దండించడానికి నా దగ్గరికి పంపవద్దని చెప్పాను. కొన్నాళ్ళు మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. క్రమశిక్షణ పాడైపోతుందని ఆయన భయం. ఆయన భయం పూర్తిగా వట్టిదని కూడా నేను అనను, మొదటి నెల వరుసలు నిజంగానే వంకరగా నిలబడ్డాయి.

శిక్ష తీసేసినంత మాత్రాన పిల్లలు కదలరని అప్పుడే తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంత శ్రమ చేయాలి, వారంలో కనీసం మూడు రోజులు కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే గట్టి శ్రమ కూడా ఉండాలి. 2016 నాటి లెక్కలు తీస్తే ప్రపంచం మొత్తం మీద 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని ఆ సంస్థ పరిశోధకులే తేల్చారు. మా బడిలో ఎంత కదులుతున్నారో చూద్దామని ఒకరోజు స్టాప్‌వాచీ జేబులో పెట్టుకుని, నేనేం తప్పు చేశానని అడిగిన ఆ పిల్లకు తెలియకుండా ఆమెనొక్కదాన్నే గమనించాను. ఆ రోజు ఖోఖో. తరిమే జట్టులో తొమ్మిది మంది ఉంటారు, వారిలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. తప్పించుకునే వాళ్ళు ఒక విడతకు ముగ్గురు. యాభై మంది తరగతిలో మిగిలిన 38 మంది గట్టు మీద కూర్చుని కేకలు వేస్తారు. 45 నిమిషాల పీరియడులో ఆ పిల్ల కాళ్ళు కదిలింది ఏడు నిమిషాల లోపే, అందులోనూ సగం తరగతి గది నుంచి గ్రౌండుకు వచ్చి పోయిన నడకే. ఖోఖోను తప్పుపట్టడం లేదు, నేను ఆ ఆట ఆడి పెరిగినదాన్నే. కానీ బాగా ఆడేవాళ్ళను ముందు పంపి, రానివాళ్ళను గట్టు మీద కూర్చోబెడితే, ఎవరికి ఆ పీరియడు ఎక్కువ అవసరమో వాళ్ళకే అది దక్కకుండా పోతోంది.

ఇప్పుడు ఆటస్థలాన్ని సున్నంతో ఆరు గళ్ళుగా విడగొడతాను. ఒక గడిలో టెన్నికాయిట్ రింగు, ఒక గడిలో ఏడు పెంకులాట, రెండు గళ్ళలో తాడాట, మిగిలిన రెండింటిలో కుంటుతూ ముట్టుకునే ఆట, దండీలు. ఎనిమిది నిమిషాలకొకసారి విజిల్ ఊదితే గడి మారతారు. పెంకులు పాత ఇళ్ళు పడగొట్టిన చోటు నుంచి పిల్లలే తెచ్చారు. తాళ్ళ కోసం బట్టలారేసే నైలాన్ తాడు కట్ట ఒకటి కొని, పిల్ల ఎత్తును బట్టి కోసి, పీచు లేవకుండా కొసలను కొవ్వొత్తి మంట మీద కరిగించి ముడి వేశాను. తాడు మధ్యలో రెండు కాళ్ళతో తొక్కి పట్టుకుంటే కొసలు చంకల దాకా రావాలి, అదే కొలత. పొట్టి తాడుతో గెంతే పిల్ల వీపు వంచుతుంది, పొడవు తాడుతో గెంతే పిల్ల కాళ్ళకు చుట్టుకుని పడుతుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో పనిచేసేవాళ్ళు మరచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరి శరీరం ఇంకా చిన్నపిల్లదే అయి ఉండవచ్చు, మరొకరిది పెద్దవాళ్ళ దాకా వచ్చి ఉండవచ్చు. అమ్మాయిల్లో దాదాపు 12 ఏళ్ళకు, అబ్బాయిల్లో దాదాపు 14 ఏళ్ళకు ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ రోజుల్లో కాళ్ళూ చేతులూ ముందు సాగిపోయి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పిల్లలు తడబడతారు. నిరుడు బాగా ఆడిన పిల్లవాడు ఈ ఏడు పాస్ అందుకోలేకపోతే బద్ధకమని తిట్టేస్తాం. మా ఎనిమిదో తరగతిలో అలాంటి అబ్బాయి ఒకడు, పరిగెత్తితే మోకాలి చిప్ప కింద నొప్పి అని మొత్తుకున్నా నేను మొదట సాకు అనుకున్నాను. తీరా చెయ్యి పెట్టి చూస్తే చిప్పకు రెండు వేళ్ళ కింద ఎముక బుడిపెలా ఉబ్బి ఉంది. ఎదిగే ఎముక మీద తొడ కండరం లాగడం వల్ల ఈ వయసులో వచ్చే నొప్పి అది. గెంతులూ పరుగులూ కొన్నాళ్ళు తగ్గిస్తే చాలు, ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందిలో దానంతట అదే పోతుంది. డాక్టరు కూడా అదే చెప్పి పంపారు. అప్పటి నుంచి స్టాప్‌వాచీ బాధ్యత ఆ అబ్బాయిదే, నాకన్నా కచ్చితంగా చూస్తాడు.

అమ్మాయిల విషయంలో అడ్డంకి మోకాలి దగ్గర ఉండదు. "పిల్ల పెద్దమనిషయింది మేడం గారూ, ఇంక మగపిల్లల ముందు ఈ ఎగురుళ్ళూ దూకుళ్ళూ ఏం బాగుంటాయి?" అని అడిగిన తల్లులు ఏటా నలుగురైదుగురు ఉంటారు. ఆవిడలతో వాదించి నేను ఒక్కసారి కూడా గెలవలేదు. అందుకని ఎముకల లెక్క చెబుతాను: పెద్దయ్యాక మనిషి ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఎత్తు వేగంగా పెరిగే ఆ రెండేళ్ళలోనే చేరుతుంది, గెంతడం దూకడం వంటివి అప్పుడే బాగా పనికొస్తాయి. "నడుము నొప్పని మీరు ఇప్పుడు పడుతున్న బాధ పిల్లకు రాకూడదు కదమ్మా" అంటే సగం మంది మెత్తబడతారు. మగపిల్లల పీరియడును వేరే వేళకు మార్చిస్తే మిగిలిన సగం కూడా ఒప్పుకుంటారు. ఆయాసపడే పిల్లల్లో కొందరికి రక్తహీనత ఉంటుంది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను జేబులో వేసుకుని ఇంటికి పోకుండా, మధ్యాహ్న భోజనం తరువాత నా ఎదుటే మింగిస్తాను.

పరుగు సంగతికి వస్తే, పిల్లలకు వేగం తెలుసు గానీ నిదానం తెలియదు. విజిల్ ఊదగానే తూటాల్లా దూసుకుపోయి, రెండో చుట్టుకే వేప చెట్టు కింద కూలబడతారు. నేనేం తప్పు చేశానని అడిగిన పిల్ల కూడా మొదటిసారి చేసింది అదే. పక్క పిల్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తమని ఎంత చెప్పినా తలకెక్కలేదు. చివరికి ఇద్దరిద్దరిని జత చేసి, పరిగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి అప్పచెప్పమన్నాను. ఎక్కం తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. కుళాయి దగ్గర నుంచి వేప చెట్టు దాకా నడవవచ్చని, అది ఓడిపోవడం కాదని, పరీక్ష పేరులోనే నడక ఉందని చెప్పాను. ఆమె కొత్త పద్ధతిలో మొదట 5 నిమిషాల 10 సెకన్లలో పూర్తిచేసింది, సంక్రాంతి సెలవుల తరువాత 4 నిమిషాల 20 సెకన్లు. ఈ పరీక్షల అంకెలు ఎక్కించే ఖేలో ఇండియా యాప్‌లో పిల్లల వయసును బట్టి శ్రేణులు పడతాయి, నేను పిల్లలకు వాటిని చూపించను. నా పొడవాటి నోటుబుక్కులో ఎవరి వరుస వాళ్ళకు ఉంటుంది, ఎవరి పాత అంకె పక్కన వాళ్ళ కొత్త అంకె ఉంటుంది. లెక్కల మాస్టారికి ఈ పద్ధతిలో ఎక్కాల భాగం మాత్రం బాగా నచ్చింది.

తల్లిదండ్రుల్లో ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. "కిదాంబి శ్రీకాంత్ మన గుంటూరు నుంచే కదండీ, మా వాణ్ణి కూడా అలా చేయాలి" అని అడుగుతారు. 2018లో శ్రీకాంత్ బ్యాడ్మింటన్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన రోజులనూ, హాంగ్జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచిన రోజులనూ నేనూ మా స్టాఫ్ రూములో పండగలా గడిపాను. కానీ అలాంటి వాళ్ళకు అకాడమీలూ కోచ్‌లూ ఉంటారు. డ్రిల్లు పీరియడు తప్ప మరే ఆటా లేని పిల్ల కోసం ఉన్నది నేను.

అడ్డంకులు పోలేదు. పరీక్షలు దగ్గరపడితే మా పీరియడును అప్పు అడిగే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు, ఆ అప్పు తీరిన దాఖలా లేదు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలయ్యాక ఉదయం తొమ్మిది దాటితే నేల కాలుతుంది కాబట్టి ఆటలన్నీ మొదటి పీరియడుకే కుదించాలి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళిన రోజున పిల్లలు పరుగు మధ్యలో దగ్గుతారు, ఆ రోజు గోడ నీడలో కూర్చుని వంగే వ్యాయామాలే.

ఈ ఏడాది కొత్త తరగతి గదులు కట్టడంతో ఆటస్థలం ఒక మూల కోసుకుపోయింది. గీత మళ్ళీ పోసి కొలిస్తే చుట్టుకు 112 మీటర్లే వచ్చింది. అయిదు చుట్లకు 560, కాబట్టి ఇంకో 40 మీటర్లు కలపాలి. మొదలు గీత నుంచి ఆ 40 మీటర్లు టేపు పరిచి చూస్తే ముగింపు సరిగ్గా వేప చెట్టు కింద పడింది. స్టాప్‌వాచీ అబ్బాయి నీడ దొరికిందని సంబరపడుతున్నాడు. రెండో చుట్టుకే కూలబడే వాళ్ళకు మాత్రం వేరే చెట్టు వెతకాలి.