బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దారం చూపిన దూరం, గాలి చూపిన దారి

సంక్రాంతి వెళ్లాక శాన్‌ఫ్రాన్సిస్కోలోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలని నిశ్చయమైన నాటి నుంచి, బెంగళూరులో విమానమెక్కితే ఆ ఊరు ఎంత దూరమో స్వయంగా కొలిచి చూడాలన్న కోరిక నాలో బలపడింది. తిరుపతిలో మా ఇంట్లో 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు ఒకటి ఉంది. భూమి వ్యాసం సుమారు 12,742 కిలోమీటర్లు కనుక, దాని మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. పూలు కట్టే దారం ఒక కొసను మా శ్రీమతి బెంగళూరు మీద వేలితో అదిమి పట్టుకోగా, రెండో కొసను నేను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా లాగాను. బిగించేకొద్దీ అది పసిఫిక్ మీద నిలవక ఉత్తరానికి జరుగుతూ, నేపాల్, మంగోలియా, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. ఇక జరగకుండా అది నిలిచిన రేఖే రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి. గణితంలో దానిని మహావృత్త మార్గం అంటారు. స్కేలుతో కొలిస్తే 33 సెంటీమీటర్లు, అంటే సుమారు 14,000 కిలోమీటర్లు వచ్చింది. అక్షాంశ రేఖాంశాలు తీసుకొని గోళ త్రికోణమితి ప్రకారం లెక్కించినా 13,990 దగ్గరే తేలింది. దిక్సూచి చూపే దిశను ఏమాత్రం మార్చకుండా, తూర్పుకు కాస్త ఉత్తరంగా సాగిపోతే మాత్రం 16,000 కిలోమీటర్లు దాటుతుంది; భూగోళాన్ని బల్లపరుపుగా పరిచి గీసే మెర్కేటర్ పటం మీద తిన్నని గీతగా కనిపించేది ఆ పొడవైన దారే. పిల్లలకు భూగోళ పాఠాన్ని గోడ పటంతో కాక గ్లోబుతోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

చిత్తూరు మీదుగా బెంగళూరు వెళ్లే మా బస్సు గాదంకి దాటుతున్నప్పుడు, అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వైపు ఆసక్తిగా చూశాను. అక్కడి ఎం.ఎస్.టి. (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే వాతావరణ పొరల) రాడార్ ఆకాశంలోకి రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చే బలహీనమైన ప్రతిధ్వనులను బట్టి పై పొరల్లో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెబుతుంది. లెక్కలో తేలిన దూరానికీ విమానం నిజంగా ఎగిరే దూరానికీ తేడా రావడానికి ఒక ముఖ్య కారణం ఆ పైగాలే.

మా విమానం దారం చూపిన దారిన వెళ్లలేదు. ముందు సీటు వెనుక తెర మీద విమానం బొమ్మ బంగాళాఖాతం దాటి, మయన్మార్, దక్షిణ చైనాల మీదుగా జపాన్ వైపు సాగింది. చలికాలంలో జపాన్ మీద పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం అనే పైగాలి చాలా బలంగా ఉంటుంది. అంతవరకు గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్న మా వేగం అక్కడ 1,100 దాటింది. కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా కాలమూ ఇంధనమూ కలిసివచ్చేది ఇందువల్లనే.

తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురవుతుంది కనుక దాన్ని తప్పించే దారి చూసుకోవాలి. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు విమానాన్ని నడిపింది. ధ్రువం గుండా దూరాన్ని లెక్కవేస్తే, అది అతి దగ్గరి దారి కన్నా సుమారు 380 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ.