ఆ చెప్పుల పైన ఒక మనిషి ఉంది

పాత టామ్ అండ్ జెర్రీలు మళ్లీ వరసపెట్టి చూస్తున్నాను. వాటిలో ఇంట్లో ఉండే ఆవిడ గుర్తుందా? చెప్పులు, మేజోళ్లు, పైన ఏప్రాన్ అంచు, చేతిలో చీపురు, అంతే. "థామస్!" అని ఒక్క కేక వేస్తే టామ్‌కి గుండె జారిపోతుంది. చిన్నప్పుడు ఆమె ముఖం ఎందుకు చూపించరా అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇప్పుడు చూస్తుంటే చూపంతా అక్కడికే పోతోంది.

ఆమె పేరు మామీ టూ షూస్, పనిమనిషిగా గీసిన నల్లజాతి ఆవిడ. 1940లో వచ్చిన మొదటి కార్టూన్ నుంచి 1952 దాకా కనిపిస్తుంది. ఆ గొంతు లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటిది. కోపం, గారం, అలసట అన్నీ ఆ గొంతులోనే పలికించింది, ఎందుకంటే ముఖం లేదు కదా! అయినా టైటిల్స్‌లో ఆమె పేరు వేయలేదు. ఆ రోజుల్లో హాలీవుడ్ నల్లజాతి ఆడవాళ్లకి ఇచ్చినవి చాలావరకు పనిమనిషి వేషాలే.

నన్ను ఇంకా బాధపెట్టింది తర్వాత జరిగింది. 1960లలో టీవీ కోసం కొన్ని కార్టూన్లలో ఆమె బొమ్మ చెరిపేసి తెల్లావిడ బొమ్మ గీశారు, రాండాల్ఫ్ గొంతు తీసేసి జూన్ ఫోరే అనే మరో నటి చేత ఐరిష్ యాసలో చెప్పించారు. అవమానకరంగా గీసింది స్టూడియో, మాయమైపోయింది మాత్రం ఆమె. ఇది న్యాయం ఎలా అవుతుంది?

అలాగని అన్నీ ముద్దుగా చూసుకోవాలని కాదు. డైనమైట్ పేలగానే టామ్ ముఖం నల్లబడి, పెదాలు లావై, జుట్టు పిలకల్లా లేస్తుంది చూడండి, అది మసి జోకు కాదు. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించిన మిన్‌స్ట్రెల్ నాటకాల నుంచి వచ్చిన జోకు. తెలియక నవ్వాను, ఇప్పుడు నవ్వలేను.

మెరుపులా పరిగెత్తే మెక్సికన్ ఎలుక, స్పీడీ గొంజాలెస్ అనే కార్టూన్ పాత్ర సంగతి వేరు. మెక్సికన్లని కించపరుస్తోందని 1999లో కార్టూన్ నెట్‌వర్క్ ఆపేస్తే, మా హీరోని మాకివ్వమని గట్టిగా అడిగింది హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) అభిమానులే, 2002లో మళ్లీ వేశారు. అతని చుట్టూ ఉండే ఎలుకల్ని సోమరుల్లా చూపించడం నాకిప్పటికీ నచ్చదు, కానీ ఎవరి బొమ్మ గీశారో వాళ్ల మాటకే ముందు విలువ ఇవ్వాలి.

రాండాల్ఫ్ గొంతున్న అసలు కార్టూన్లనే వేయండి, ముందు ఆ కాలం సంగతి రెండు ముక్కలు చెప్పి, ఆమె పేరు కూడా వేయండి.