షట్టర్ గదిలో మూడు నెలలు

పాలమూరులో రాక్ బ్యాండేందిరా అని నవ్వినవాళ్లలో మా నాన్నే మొదటివాడు. నేను మాత్రం మెట్టుగడ్డ వైపు ఆ షట్టర్ గదిలోకి తొంగిచూసిన రోజే వీళ్ల మీద డాక్యుమెంటరీ తీయాలనుకున్నాను. నలుగురు కుర్రాళ్లు: రెండు గిటార్లు, ఒక బేస్ గిటార్, డ్రమ్స్. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. అవి గదిలో గింగురుమనడాన్ని కాస్త తగ్గిస్తాయేమో గానీ చప్పుడును బయటికి పోకుండా ఆపలేవు. రాత్రి పది దాటితే ఎదురింటాయన వచ్చి షట్టర్ మీద రెండు దెబ్బలు వేసేవాడు.

ఫోన్‌తోనే తీశాను. రెండు వారాల తర్వాత లాప్‌టాప్‌లో వేసి చూస్తే తెరంతా నల్లటి అడ్డగీతలు పాకుతున్నాయి! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు దొరికిపోతుంది. సెకనుకు 25 ఫ్రేములు, కెమెరా షట్టర్ స్పీడు సెకనులో 1/50 వంతు పెట్టాక గీతలు పోయాయి. ఆ రెండు వారాలూ పోయినట్టే.

సౌండ్ ఇంకో తలనొప్పి. డ్రమ్ మొదలవగానే ఫోన్ మైకులో అంతా పగిలిపోయిన రేకు చప్పుడే. రికార్డర్ అద్దెకు తెచ్చి, లెవెల్ బాగా తగ్గించి, ప్రతి టేకు ముందు ఒక చప్పట కొట్టించాను. ఎడిటింగ్‌లో ఆ చప్పట దగ్గరే బొమ్మనూ శబ్దాన్నీ కలిపాను.

అసలు దెబ్బ ఆఖర్న తగిలింది. బయట ప్రోగ్రాముల్లో వీళ్లు వాయించేవి ఎక్కువగా సినిమా పాటలే, జనం అడిగేవీ అవే. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసి చూస్తే మూడు చోట్ల కాపీరైట్ క్లెయిమ్. వాయించింది మన పిల్లలే కదా అనుకున్నాను. ఎవరు వాయించినా బాణీ, మాటల మీద హక్కు వేరేవాళ్లదే. మన చట్టంలో అది రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. క్లెయిమ్ ఆ వీడియో వరకే, స్ట్రైక్ అయితే ఛానెల్‌కే పడే శిక్ష, రెండూ వేరని తెలిసేదాకా ఒకటే టెన్షన్. వాదించకుండా మూడూ కోసేశాను. నలభై నిమిషాల సినిమా ఇరవై రెండుకు దిగింది.

ఖాళీ నింపడానికి పాత ఫైళ్లు తవ్వుతుంటే ఒకటి దొరికింది. టీ బ్రేక్‌లో బేస్ కుర్రాడు ముంబై బస్సెక్కి కూలికి పోయిన తాత మీద కట్టుకున్న పాట. సానపట్టని గొంతు, వెనక ఫ్యాన్ చప్పుడు.

"అన్నా, అది మా సొంత పాట. ఎవరింటరే?"

సినిమా దాంతోనే మొదలుపెట్టాను. గుడ్ల అట్టలూ షట్టర్ మీది దెబ్బలూ ఆ తర్వాతే వస్తాయి.

మా మిద్దె మీద దుప్పటి కట్టి అందరికీ చూపించాను. నాన్న చివరిదాకా కూర్చున్నాడు. లేస్తూ ఒకటే అడిగాడు: "ఆ షట్టర్ కొట్టెటాయన మనకు పాలు పోసెటాయన గదరా?"